రంగులు కలపడం నేర్పాలంటే ఏది మేలు: పోస్టర్ రంగులా, నీటిరంగులా, పువ్వుల రసాలా?

పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ వస్తుందని చెప్పడం తేలికే. పిల్లలు దాన్ని తమ చేతులతో కనిపెట్టాలంటే మాత్రం వాళ్లకు ఏ రంగులు ఇస్తున్నామన్నది చూసుకోవాలి. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల వయసు పిల్లల చేత ఆకులు, పువ్వులు, కాగితం ముక్కలు, రంగులు కలిపి బొమ్మలు చేయించేవారి ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. మొదటి పాఠానికి నేను పోస్టర్ రంగులనే ఎంచుకుంటాను.

కారణం, అవి చిక్కగా ఉండటమే. పెట్టినచోటే ఉంటాయి, వేలితో కలిపితే తప్ప కలవవు. ఒక ఆకును వెనక్కి తిప్పండి. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది ఆ వైపే. నడిమి ఈనెకు ఒక పక్క పసుపు, మరో పక్క నీలం పలుచగా పూయించి, కాగితం మీద బోర్లించి అరచేత్తో అదిమించండి. ఆకు తీసి చూస్తే రెండు రంగులు తాకిన చోట సన్నని ఆకుపచ్చ గీత ఉంటుంది. అచ్చు ఆరకముందే ఆ గీతను వేలితో అటూ ఇటూ రుద్దితే చారలు చారలుగా పసుపు, నీలం, వాటి మధ్య ఆకుపచ్చ కనిపిస్తాయి. కలయిక సగంలో ఉన్న ఈ దశను చూపించడంలో పోస్టర్ రంగులకు సాటి లేదు.

పాళ్లు కూడా వీటితోనే బాగా తెలుస్తాయి. నీలం బలమైన రంగు. కాబట్టి పసుపులో నీలాన్ని చుక్క చుక్కగా వేయించాలి. నీలంలో పసుపు పోయడం మొదలుపెడితే డబ్బా సగం ఖాళీ అయినా ముదురు రంగు వదలదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎరుపు, నీలం కలిపితే ఊదా రావాలి కదా అని నారింజ ఛాయ ఉన్న ఎరుపు ఇస్తే వచ్చేది మురికి గోధుమరంగు. ఆ ఎరుపులో పసుపు ఛాయ కూడా ఉండటమే దానికి కారణం. ముదురు గులాబీలా ఉండే మెజెంటా ఇస్తే ఊదా శుభ్రంగా వస్తుంది. ఆకాశనీలానికి దగ్గరగా ఉండే సయాన్‌తో ఆకుపచ్చ మెరుస్తుంది. రంగు అచ్చు యంత్రాలు వాడేది కూడా సయాన్, మెజెంటా, పసుపులనే, నలుపు అదనం. అయితే చెట్టు మీది ఆకు అంత మెరిసే పచ్చగా ఉండదు. కలిపిన ఆకుపచ్చలో చిటికెడు ఎరుపు వేయించి, అసలు ఆకును పక్కన పెట్టి పోల్చమనండి. పిల్లలు ఇంకో చుక్క కావాలా వద్దా అని వాదించుకోవడం వినడానికి బాగుంటుంది. మూడు రంగులూ కలిసి బురదగా మారాయని పారబోయాల్సిన పని లేదు. చెట్టు బెరడుకు కావలసిన రంగు అదే.

నీటిరంగుల అందం వేరు. తడి కాగితం మీద రెండు రంగులు ఒకదానిలోకి ఒకటి పాకుతుంటే పెద్దవాళ్లం కూడా చూస్తూ నిలబడిపోతాం. కానీ అక్కడ పని చేస్తున్నది నీరు, పిల్లల చేయి కాదు. ఏది ఎంత కలిసిందో అంతు పట్టదు. కుంచె కడిగిన నీళ్లు మురికి కాగానే అన్ని రంగులూ మసకబారతాయి. మామూలు కాగితం ముడతలు పడుతుంది, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితమైతే తట్టుకుంటుంది. ఆరేళ్లు దాటాక వీటిని మొదలుపెట్టవచ్చు. కాగితం కింద ఆకు పెట్టి, పైన పసుపు మైనపు క్రేయానుతో రుద్దించి, ఆపైన నీలం పూత వేయించండి. మైనం నీటిని అంటనీయదు కాబట్టి ఈనెలు పసుపుగానే మిగులుతాయి. మరో కాగితం మీద పసుపు నీటిరంగు వేసి, బాగా ఆరాక దాని మీద అదే నీలం వేయిస్తే అక్కడ ఆకుపచ్చ వస్తుంది. ఒకచోట రంగులు ఎందుకు కలిశాయి, మరోచోట ఎందుకు కలవలేదు అన్న ప్రశ్న పిల్లలే వేస్తారు.

పువ్వుల రసాలు ప్రకృతికి అన్నిటికన్నా దగ్గర అనిపిస్తాయి. రంగుల కలయిక నేర్పడానికి మాత్రం ఇవే అన్నిటికన్నా పనికిరానివని నా అభిప్రాయం. శంఖపుష్పం నీలి రసంలో నిమ్మరసం పిండితే ఊదాగా, ఆపై గులాబీగా మారుతుంది. అది రంగులు కలవడం కాదు, ఆమ్లం వల్ల రంగు పదార్థమే మారిపోవడం. పసుపు పొడిలో వంటసోడా నీళ్లు వేస్తే ఎర్రబడటమూ రసాయన మార్పే. దీన్ని మొదటి పాఠంలో చూపిస్తే నిమ్మరసంలో ఎరుపు దాగి ఉందని పిల్లలు అనుకోవడంలో తప్పేముంది? పైగా ఈ రంగులు వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. గన్నేరు లాంటి విషపు మొక్కలు పిల్లల చేతికి అందకుండా చూడటం మరో పని. విజ్ఞానశాస్త్రం పాఠంగా వేరే రోజు పెట్టుకుంటే మాత్రం ఇంతకన్నా మంచి ఆట దొరకదు.

మూడేళ్లలోపు వారికైతే ఈ మూడూ వద్దు. పారదర్శకంగా ఉండే రంగు సెల్లోఫేన్ కాగితాలను పెద్ద పెద్ద ఆకుల ఆకారంలో కత్తిరించి ఇచ్చి, పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. పసుపు ఆకు మీద నీలం ఆకు పెడితే పచ్చ, తీస్తే మళ్లీ పసుపు. ఎన్నిసార్లు చేసినా రంగు పాడవదు, బట్టలు ఉతకాల్సిన పనీ ఉండదు. ముక్కలు నోట్లో పెట్టుకోకుండా మాత్రం పక్కనే ఒకరు ఉండాలి.