మెక్సికో సిటీ వెళ్తే చురుబుస్కో మ్యూజియం వదలకండి

మేం టెక్సాస్‌లోని డాలస్‌లో ఉంటాం. ఈ నేల 1836 దాకా మెక్సికోదేనని మా పాప స్కూలు పాఠంలో విన్నాను గానీ, ఆ మాట బరువెంతో చురుబుస్కో వెళ్లాకే తెలిసింది. మేం బుక్ చేసుకున్న టూర్ వాళ్ల లిస్టులో ఇది లేదు, అడిగితే అక్కడ చూడ్డానికి ఏముందండీ అన్నారు, సరే మేమే వెళ్లొస్తామని మెట్రో ఎక్కి హెనెరల్ అనాయా స్టేషన్‌లో దిగాం. కాస్త నడిస్తే పాత క్రైస్తవ మఠం, అందులోనే నేషనల్ మ్యూజియం ఆఫ్ ఇంటర్వెన్షన్స్. మెక్సికో మీదికి బయటి దేశాలు దండెత్తి వచ్చిన కథంతా ఇక్కడ ఉంది. 1981లో తెరిచారు.

స్టేషన్‌కి పేరిచ్చిన అనాయా ఈ మఠాన్ని కాపాడిన జనరల్. అమెరికా-మెక్సికో యుద్ధంలో, 1847 ఆగస్టు 20న అమెరికా సైన్యం చుట్టుముడితే ఆయన మనుషులు తూటాలు అయిపోయేదాకా పోరాడారు. మందుగుండు ఎక్కడుందని అమెరికా జనరల్ ట్విగ్స్ అడిగితే, అదే ఉంటే మీరిక్కడ ఉండేవారు కాదు అన్నాడట అనాయా. అమెరికా సైన్యాన్ని వదిలి మెక్సికో పక్షాన నిలబడ్డ ఐరిష్ వాళ్లూ ఇక్కడే పోరాడారు, పట్టుబడ్డవాళ్లలో చాలామందిని తర్వాత ఉరి తీశారు. వాళ్లు కాపలా కాసిన గోడల మధ్యే నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

ఆ యుద్ధాన్ని ముగించిన 1848 ఒప్పందంతో, అంతకుముందే చేజారిన టెక్సాస్‌తో కలిపి, మెక్సికో నేలలో సగానికి పైగా అమెరికాకి పోయింది. కాలిఫోర్నియా కూడా అందులోదే. బదులుగా వచ్చింది కోటిన్నర డాలర్లు. తప్పంతా బయటివాళ్లదేనా అంటే నేను ఒప్పుకోను. శత్రువు వెరాక్రూజ్ రేవులో దిగడానికి కొద్ది రోజుల ముందు, యుద్ధ ఖర్చుకి చర్చి ఆస్తులు తీసుకుంటారా అని రాజధానిలోని దళాలే సొంత ప్రభుత్వం మీద తిరగబడ్డాయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టే అయింది.

ఫ్రెంచివాళ్ల దండయాత్ర, 1914లో అమెరికా చేసిన వెరాక్రూజ్ ఆక్రమణ, 1916లో మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లా కోసం అమెరికా జనరల్ పెర్షింగ్ సైన్యం చొరబడటం, ఇవన్నీ కూడా ఈ చరిత్రలోవే. వీటిని కాస్త నిదానంగా చూడండి. సుంకాల గురించో, కార్టెల్స్ అనే డ్రగ్స్ ముఠాల మీద సైన్యాన్ని పంపుతామనో వాషింగ్టన్ నుంచి మాట వచ్చినప్పుడల్లా మెక్సికో అధ్యక్షురాలు షేన్‌బామ్ సహకరిస్తాం గానీ లొంగి ఉండం అని ఎందుకంటారో నాకిక్కడ అర్థమైంది. విదేశీ జోక్యాన్ని ఒప్పుకునేది లేదని 2025లో రాజ్యాంగంలోనే మరింత గట్టిగా రాసుకున్నారు. ఎగుమతుల్లో 80 శాతం ఆ పొరుగు దేశానికే పోతుంటే అలా నిలబడి మాట్లాడటం మామూలు విషయం కాదు.

ఐదుకి ఐదు ఇస్తాను. సోమవారం సెలవు, ఆ రోజు వెళ్లకండి. స్పానిష్ రాకపోతే ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకోండి, చూడ్డానికి రెండు గంటల టైమైనా ఉంచుకోండి. పదేళ్లు దాటిన పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి, మా పాపయితే హోటల్‌కి వచ్చేదాకా ఆ ఐరిష్ సైనికుల గురించే అడుగుతూ వచ్చింది.