ద్రవ హీలియం అక్కర్లేని మాగ్నెటోమీటర్: హైదరాబాద్‌లో కొన్నేళ్ళు వాడాక

కొత్తగా మాగ్నెటోమీటర్ (పదార్థాల అయస్కాంతత్వం కొలిచే మెషీన్) కొనాలనుకునే ల్యాబుల వాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఒక్కటే: ద్రవ హీలియం పోయకుండా నిజంగా నడుస్తుందా? నడుస్తుంది. మా దగ్గరున్నది క్లోజ్డ్ సైకిల్ రకం. 1.8 నుంచి 400 కెల్విన్ దాకా ఉష్ణోగ్రత, 9 టెస్లా దాకా క్షేత్రం ఇస్తుంది. 9 టెస్లా అంటే హైదరాబాద్‌లో ఉండే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 2 లక్షల రెట్లు. శాంపిల్‌ను కంపింపజేసి అయస్కాంతత్వం కొలవొచ్చు, నాలుగు తీగలు అతికించి రెసిస్టెన్స్ కూడా కొలవొచ్చు. పీహెచ్‌డీ పిల్లలు రాత్రీ పగలూ వాడే ఈ మెషీన్ బాగోగులు చూసేది నేనే కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

హీలియం సంగతి ముందు. అది 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది. డచ్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ 1908లో దాన్ని ద్రవంగా మార్చగలిగాడు కాబట్టే 1911లో పాదరసం రెసిస్టెన్స్ ఒక్కసారిగా మాయమవడం చూశాడు. మనకు వచ్చే హీలియం దాదాపు అంతా దిగుమతే. సరుకు ఆలస్యమైతే పిల్లల థీసిస్ ఆలస్యం, ధర పెరిగితే ప్రాజెక్టు డబ్బంతా దానికే. ఈ మెషీన్ వచ్చాక ఆ టెన్షన్ పోయింది. ఉన్న గ్యాసునే కూలర్ మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తూ తిప్పుతుంది. ఈ ఒక్క కారణానికే అయినా కొనమంటాను.

బదులుగా కరెంటు, నీళ్ళు అడుగుతుంది. కంప్రెసర్ ఏడాది పొడవునా ఆగకుండా నడవాలి, 7, 8 కిలోవాట్లు తింటుంది. అది ఆగితే మాగ్నెట్ వేడెక్కుతుంది, మళ్ళీ దారికి రావాలంటే రోజుకు పైగా పడుతుంది. మే నెలలో ఈదురుగాలికి చెట్టు కూలి కరెంటు పోతే యూపీఎస్ ఎలక్ట్రానిక్స్‌ను మాత్రమే కాపాడుతుంది, కంప్రెసర్‌కు జనరేటర్ లైను విడిగా ఉండాల్సిందే. మొదట్లో చిల్లర్‌లో, అంటే కంప్రెసర్‌కు చల్లని నీళ్ళు అందించే యంత్రంలో, బోరు నీళ్ళు పోశారు. మన బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, పైపుల్లో ఉప్పు పేరుకుని ఫ్లో తగ్గింది, కంప్రెసర్ ట్రిప్ అవడం మొదలైంది. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయనివ్వను. చిల్లర్ మీద నీడకు షెడ్డు కూడా వేయించాం, ఎండాకాలంలో దాని తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక కొలతలు. కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంట్ చేత ముందు సీసం ముక్క కొలిపిస్తాను. సీసం 7.2 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అవుతుంది, అంటే దాని రెసిస్టెన్స్ పూర్తిగా పోతుంది, అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. అక్కడ గ్రాఫ్ నిటారుగా కిందికి పడితే థర్మామీటర్ సరిగ్గా ఉన్నట్టే. ఇన్నేళ్ళలో మా మెషీన్ ఈ పరీక్షలో ఎప్పుడూ తేడా చూపలేదు.

కానీ క్షేత్రం విషయంలో స్క్రీన్ మీద అంకెను నమ్మకూడదు. సూపర్ కండక్టింగ్ మాగ్నెట్‌ను 9 టెస్లా దాకా తీసుకెళ్ళి నేరుగా సున్నాకు దించితే, తీగచుట్టలో కొంత ఫ్లక్స్ ఇరుక్కుపోయి పదుల ఓర్‌స్టెడ్ల (10,000 ఓర్‌స్టెడ్లు ఒక టెస్లా) క్షేత్రం మిగిలిపోతుంది, అదీ వ్యతిరేక దిశలో. ఆ తర్వాత ఎవరైనా 10 ఓర్‌స్టెడ్ పెట్టి సూపర్ కండక్టర్ కొలిస్తే, అసలు క్షేత్రం మైనస్‌లో ఉంటుంది కాబట్టి గ్రాఫ్ తలకిందులుగా వస్తుంది. సూపర్ కండక్టర్ క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుందని మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ 1933లో చూపించిన ఫలితానికి సరిగ్గా ఎదురుగా! కంగారు పడి శాంపిల్‌ను తిట్టుకోకండి. క్షేత్రాన్ని అటూ ఇటూ ఊపుతూ సున్నాకు దించే ఆప్షన్ ఉంది, అదే వాడండి. పల్లాడియం ముక్కతో అసలు క్షేత్రం ఎంతో చూసుకోండి.

ఇంకొకటి, 50 కెల్విన్ దగ్గర వచ్చే చిన్న ఉబ్బు. "సార్, కొత్త ట్రాన్సిషన్!" అని ఆనందంగా వస్తారు పిల్లలు. చాంబర్‌లో చిక్కుకున్న గాలిలోని ఆక్సిజన్ అది. ఘనమైన ఆక్సిజన్‌కు తనదైన అయస్కాంత గుణం ఉంది, 44, 54 కెల్విన్ల దగ్గర అది దశ మారుతుంది. శాంపిల్ పెట్టాక చాంబర్‌ను హీలియం గ్యాసుతో రెండు మూడు సార్లు కడిగితే ఆ ఉబ్బు ఉండదు.

ఒకసారి ఒక కాలేజీ నుంచి కోబాల్ట్ కలిపిన జింక్ ఆక్సైడ్ పొడి వచ్చింది. గది ఉష్ణోగ్రతలోనే అందమైన హిస్టెరిసిస్ లూప్, అంటే ఇనుములా శాశ్వత అయస్కాంతత్వం ఉన్నట్టు చూపే గ్రాఫ్! ఆ అమ్మాయి ముఖంలో వెలుగు నాకింకా గుర్తుంది. స్టీల్ ట్వీజర్లతో పట్టుకున్నానని చెప్పింది. అదే పొడిని సీసాలోంచి కొత్తగా తీసి, ప్లాస్టిక్ ట్వీజర్లు వాడి మళ్ళీ కొలిచాం. లూప్ లేదు. అది స్టీల్ ట్వీజర్ల నుంచి అంటిన ఇనుప రజనుదన్నమాట. పేపర్ పంపకముందే తేలినందుకు తను నాకు థాంక్స్ చెప్పింది. స్టీల్ ట్వీజర్లను ఆ బల్ల దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

400 కెల్విన్ దాకా వెళ్ళగలగడం 2023లో బాగా పనికొచ్చింది. ఎల్‌కే-99 అనే పదార్థం సాధారణ ఉష్ణోగ్రతలోనే సూపర్ కండక్టర్ అన్న వార్త వచ్చినప్పుడు మా వాళ్ళూ చేసి చూశారు. 104 డిగ్రీల సెల్సియస్ (377 కెల్విన్) దగ్గర రెసిస్టెన్స్ పడిపోయింది, నిజమే. కానీ అది అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ దశ మారడం వల్ల. రెసిస్టెన్స్ సున్నాకు రాలేదు, సీసంలో కనిపించే మైస్నర్ గుర్తు ఎక్కడా లేదు.

లోపాలు కూడా చెప్పాలి. క్వార్ట్జ్ హోల్డర్లు చేతిలోనే పుటుక్కున విరుగుతాయి, కొత్తవి ఖరీదు. కూలర్ చప్పుడు గదిలో పగలంతా వింటే తలనొప్పి వస్తుంది. పలుచని ఫిల్ములకు దీని సున్నితత్వం చాలదు, సంకేతం ఫిల్ము కింద ఉండే సబ్‌స్ట్రేట్‌ సంకేతంలోనే మునిగిపోతుంది. వాళ్ళు ఇంకా సున్నితమైన స్క్విడ్ మాగ్నెటోమీటర్ ఉన్న చోటికి వెళ్ళడమే మంచిది. పొడులు, స్ఫటికాలు, సిరామిక్ ముక్కలు కొలిచేవాళ్ళకు మాత్రం నిశ్చింతగా సరిపోతుంది.

కొనేవాళ్ళు కంప్రెసర్ అడ్సార్బర్‌ను (గ్యాసులోని నూనె ఆవిరిని పట్టే ఫిల్టర్) సుమారు 20,000 గంటలకోసారి, అంటే రెండేళ్ళు దాటాక, మార్చే ఖర్చును క్వొటేషన్‌లోనే రాయించుకోండి. విడిభాగాలు విదేశాల నుంచి రావాలి కాబట్టి ఒక స్పేర్ ముందే తెప్పించి పెట్టుకుంటే మెషీన్ నెలల తరబడి ఖాళీగా ఉండదు.