గట్టి హెడ్మాస్టరా, మెతక హెడ్మాస్టరా: టీచర్లు ఎవరి దగ్గర నిలుస్తారు?

నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్ల అవతల, ఉదయగిరి వైపు పోస్టింగ్ పడితే ఎవరూ నిలవరని, తప్పంతా దూరానిదేనని అంటుంటారు. దూరం కష్టమే. కానీ ఒకే బస్సు దిగి వెళ్లే రెండు సర్కారు బళ్లలో ఒకచోట టీచర్లు బదిలీ నిబంధనల ప్రకారం ఉండగలిగే గరిష్ఠ గడువు 8 ఏళ్లు నిండేదాకా కదలకపోవడం, పక్క బడిలో అవకాశం రాగానే బదిలీకి పెట్టుకోవడం దూరం వల్ల కాదు కదా!

గట్టి హెడ్మాస్టరు దగ్గర క్లాసులు వేళకు నడుస్తాయి. తేడా వచ్చేది తల్లిదండ్రుల ముందు టీచరును నిలదీసినప్పుడు. ఆ మాట పడ్డాక ఎవరూ మనసు పెట్టి ఉండరు.

మెతకాయనే మేలని చాలామంది అనుకుంటారు. అసలు నష్టం అక్కడే ఎక్కువ. అడిగినవాళ్లందరికీ సీఎల్ (క్యాజువల్ లీవ్) ఇస్తాడు, ఆ క్లాసులు మాత్రం నోరెత్తని లెక్కల మేడం నెత్తిన పడతాయి. ఆమెకు వారానికి క్లాసు లేని లీజర్ పీరియడ్లు 12 ఉన్నాయనుకోండి. మూడు సెక్షన్లలో 120 నోటు పుస్తకాలు, ఒక్కోటి రెండు నిమిషాలు దిద్దినా 240 నిమిషాలు, అంటే 40 నిమిషాల పీరియడ్లు ఆరు. అడ్జస్ట్‌మెంట్లకు, అంటే సెలవు పెట్టినవాళ్ల క్లాసులకు ఎనిమిది పోతే మిగిలేది నాలుగు. మిగతా పుస్తకాలు సంచిలో ఇంటికి. బదిలీల వెబ్‌సైట్ తెరుచుకోగానే ముందు దరఖాస్తు పెట్టేది ఆమే. ఎగ్గొట్టేవాళ్లకేం, హాయిగా ఉంటారు.

ఈ ఇద్దరికన్నా పని పంచే హెడ్మాస్టరు మేలు. అడ్జస్ట్‌మెంట్ల పుస్తకం స్టాఫ్ రూములో అందరికీ కనపడేలా పెట్టాలి, వరస ప్రకారం వేయాలి, తన పేరూ అందులో రాసుకోవాలి. ఆఖరి బస్సుకు వెళ్లాల్సినవాళ్లకు పదో తరగతి స్టడీ అవర్లు సాయంత్రంవి కాకుండా పొద్దుటివి ఇవ్వాలి. ఫిర్యాదు వస్తే ముందు పిల్లాడి పుస్తకం తెప్పించి చూడాలి, టీచరుతో విడిగా మాట్లాడాలి. చిక్కేమిటంటే హెడ్మాస్టరుకు ఒకేచోట గరిష్ఠం 5 ఏళ్లే. ఆ పుస్తకం పద్ధతి స్టాఫ్ మీటింగ్ తీర్మానంగా రాసి పెట్టకపోతే ఆయనతోపాటే పోతుంది.

ఒంగోలు, కావలి ప్రైవేటు బళ్లలో బదిలీలుండవు, మానేయడమే. అక్కడ జీతం కూడా పెద్ద సమస్యే, కాదనలేం. టీచర్లు ఎందుకు మానేస్తారని అమెరికాలో రిచర్డ్ ఇంగర్‌సాల్ అనే పరిశోధకుడు 2001లో ప్రచురించిన విశ్లేషణలోనూ తక్కువ జీతంతోపాటు పై నుంచి అండ లేకపోవడం, నిర్ణయాల్లో టీచర్ల మాట చెల్లకపోవడం కారణాలుగా తేలాయి. టీచర్ల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటే ఆగుతారనుకునే కరస్పాండెంట్లు (బడి యాజమాన్యం వాళ్లు) ఏప్రిల్లోనే వచ్చే ఏడాది టైంటేబుల్ చేతికిచ్చి, ఎవరికెన్ని పీరియడ్లో మాట్లాడుకుంటే జూన్‌లో కొత్తవాళ్ల కోసం వెతుక్కోవడం తగ్గుతుంది.