దేవదాసు చదవడానికి చెన్నైలో రెండు రోజులు

బెంగాలీ రచయిత శరత్ నవల ‘దేవదాసు’ (1917) పట్టుకుని విజయవాడలో పినాకిని రైలు ఎక్కాను. ఒక్కో ఘట్టాన్నీ దానికి తగిన చోట కూర్చుని చదవాలని కోరిక. సినిమా చూసి పెరిగిన మనకు దేవదాసు అంటే మందు గుర్తొస్తుంది. నవలలో నన్ను పట్టుకున్నది వేరు: ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి మనిషైపోతాడు దేవదాసు.

కోడంబాక్కంలో అక్క ఉంది. “మా ఇల్లుండగా లాడ్జి ఏంట్రా?” అని కోప్పడింది. అక్కడ చదువు సాగదని ఎగ్మూరు స్టేషన్ దగ్గర లాడ్జిలోనే దిగాను. రోజుకు 1,400. ఫోన్లో ఏసీ అన్నారు, వచ్చాక కూలర్ చూపించారు. గట్టిగా అడిగితే 200 తగ్గించారు. దుప్పట్లు మాత్రం శుభ్రం. రాత్రంతా రైళ్ళ కూతలు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు ఈ గది వద్దంటాను. కానీ కలకత్తా భాగాన్ని ఆ చప్పుడులోనే చదివాను. పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా నడిచొచ్చి కాళ్ళ దగ్గర చోటడిగితే కాదని గట్టిగా అనలేనివాడు, కలకత్తా చేరాక ‘నిన్ను అంతగా ప్రేమించలేదేమో’ అన్న అర్థం వచ్చేలా ఉత్తరం రాస్తాడు. పోస్టు చేశాక కుమిలిపోతాడు. పక్కపక్క ఇళ్ళలో పెరిగినవాళ్ళ మధ్యకు ఉత్తరం వచ్చిందంటేనే నాకు గుండె జారింది.

చెరువు గట్టు ఘట్టం కోసం మైలాపూరు కపాలీశ్వరుడి కోనేటికి వెళ్ళాను. దేవదాసు గాలపు కర్రతో పార్వతి నుదుటి మీద కొట్టేది గట్టు మీదే కదా. నేను వెళ్ళిన రోజు మెట్ల గేటుకు తాళం. కమ్మీల బయట నిలబడి నాలుగు పేజీలు చదివి, మాడవీధిలో ఫిల్టర్ కాఫీ తాగి కదిలాను.

అడయారు దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) తోట మాత్రం ఎంత చెప్పినా తక్కువే. సమాజం 1882లో అక్కడికి వచ్చింది. అక్కడి మర్రి అంతకంటే ఎంతో పాతది, దాదాపు 450 ఏళ్ళదంటారు. 1989లో అసలు మాను గాలివానకు కూలిపోయినా ఊడలే మానులై నిలబడ్డాయి. చివరి పేజీలు వాటి దగ్గర చదివాను. పాండువా స్టేషన్లో దిగి, ఎడ్లబండిలో ‘ఇంకెంత దూరం’ అని అడుగుతూ, పార్వతి అత్తవారింటి ముందు చెట్టు కిందకు చేరతాడు దేవదాసు. లోపల పార్వతి ఉంది. బయట పడి ఉన్నదెవరో ఆమెకు తెలియదు. తెల్లారాక గాని ఆ ఊరికి అతని పేరే తెలియదు. ఇంత దూరం ప్రయాణం చేసినవాడికి ఆ గుమ్మం దాటడం చేతకాకపోవడం తట్టుకోలేక పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

తోటలో కాంటీన్ కనిపించలేదు, నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. ఆదివారం సందర్శకులను రానివ్వరు. మిగతా రోజుల్లోనూ కాసేపే తెరుస్తారు కాబట్టి వేళలు కనుక్కుని బయల్దేరండి.