పాలమూరు నుంచి లాప్‌టాప్ వీసా మీద: చియాంగ్‌మాయ్, పెనాంగ్ లెక్కలు

టూరిస్టుగా పోయి హోటల్ గదిలో కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్లు బోలెడుమంది. పట్టుకునేవాళ్లు తక్కువే. కానీ అడిగితే చెప్పుకోవడానికి చేతిలో కాగితం ఉండదు, నెలల తరబడి ఉండటానికీ కుదరదు. అందుకే నేను థాయిలాండ్ వాళ్ల డీటీవీ (డెస్టినేషన్ థాయిలాండ్ వీసా) తీసుకున్నాను. సొంత దేశం కంపెనీ పనిని అక్కడ కూర్చుని చేసుకోనిచ్చే వీసా. 2024 జూలైలో మొదలైన వీసా ఇది. ఐదేళ్లు చెల్లుతుంది. ఎన్నిసార్లయినా వెళ్లిరావచ్చు. దిగిన ప్రతిసారీ 180 రోజులు ఉండనిస్తారు, అక్కడే ఉండి ఇంకో 180 రోజులకు పొడిగింపు అడగొచ్చు. వయసు 20 నిండి ఉండాలి. ఫీజు 10,000 బాత్, వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు. అసలు గండం ఫీజు కాదు. ఖాతాలో 5 లక్షల బాత్‌కు సరిపడా డబ్బు చూపించాలి. మన రూపాయల్లో 12 లక్షల పైమాటే.

ఇలాంటి వీసాకు మిగతా దేశాలు డబ్బు నిల్వ కంటే నెల జీతం మీద గీత గీస్తాయి. దుబాయ్‌కి నెలకు 3,500 డాలర్లు ఉండాలి. బాలి అంటే ఏడాదికి 60,000 డాలర్లు. పోర్చుగల్ అయితే వాళ్ల కనీస వేతనానికి నాలుగు రెట్లు. హైదరాబాద్ కంపెనీలో మామూలు జీతం తీసుకునేవాడు ఈ మూడింటినీ పక్కన పెట్టొచ్చు. మలేసియా వాళ్ల డీఈ రాంటావ్ పాస్ మాత్రం ఐటీ పనివాళ్లకు ఏడాదికి 24,000 డాలర్లు చాలంటుంది. ఐటీ కానివాళ్లకు అదీ 60,000 డాలర్లే. చేతిలో పొదుపు ఉండి జీతం ఓ మోస్తరుగా ఉంటే థాయిలాండ్, జీతం గట్టిగా ఉండి పొదుపు లేకపోతే మలేసియా. నాకు మొదటిది కుదిరింది.

కాగితాల పని సగం మహబూబ్‌నగర్‌లోనే అయిపోయింది. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఊళ్లోనే ఉంది. 36 పేజీల పుస్తకం 1,500 రూపాయలు, 60 పేజీలది 2,000. ఐదేళ్లు తిరగాలనుకునేవాళ్లు ఆ 500 దగ్గర పిసినారితనం చేయొద్దు, స్టాంపులు పేజీలను ఇట్టే మింగేస్తాయి. సేవ విషయానికొస్తే, ఈ మొత్తం వ్యవహారంలో సాఫీగా సాగిన మొదటి పని అదే.

బ్యాంకులో అంత సాఫీగా లేదు. యాప్‌లోంచి తీసిన స్టేట్‌మెంట్ మీద సీలు, సంతకం ఉంటే మేలని క్లాక్ టవర్ వైపున్న మా బ్రాంచికి పోయాను. కౌంటర్‌లో ఆయన లెక్క చూసి ఆగిపోయాడు. "గింత పైసలు సేవింగ్స్‌ల పెట్టినవేంది సార్, ఎఫ్‌డీ చెయ్యరాదు?" అని రెండు ఫారాలు ముందుకు తోశాడు. వీసా కోసం కొన్నాళ్లు ఖాతాలో నిలకడగా కనబడాలని చెప్పినా నమ్మలేదు. సీలు పడేసరికి మధ్యాహ్నం దాటింది, దాంతోపాటు ఒక ఇన్సూరెన్స్ పాలసీ కరపత్రం కూడా చేతికొచ్చింది.

అన్నిటికన్నా బరువైన కాగితం కంపెనీ ఉత్తరం. హెచ్‌ఆర్ మొదట ఇచ్చినదాంట్లో "మా హైదరాబాద్ కార్యాలయంలో ఉద్యోగి" అని ఉంది. అది ఎందుకూ పనికిరాదు. ఇండియా బయట ఉండి పని చేయడానికి కంపెనీకి అభ్యంతరం లేదు, జీతం ఇక్కడే జమవుతుంది అన్న రెండు మాటలు అందులో కచ్చితంగా పడాలి. ఆ రెండు మాటల కోసం ఉత్తరం ఐటీ సెక్యూరిటీ వాళ్ల దగ్గరకు ఒకసారి, ట్యాక్స్ వాళ్ల దగ్గరకు ఒకసారి తిరిగింది. వాళ్ల భయం వాళ్లది: ఉద్యోగి వేరే దేశంలో కూర్చుంటే అక్కడ కంపెనీకి పన్ను బాధ్యత మొదలవుతుందేమోనని. వీసా ఇచ్చేది థాయిలాండే అయినా, పోనివ్వాలా వద్దా అనేది తేల్చేది మీ కంపెనీయే. ఈ ఉత్తరం చేతికి రాకముందు టికెట్లు, గదులు చూడటం దండగ.

హైదరాబాద్‌లో ఒక ఏజెంటు "గ్యారంటీ వీసా" అని వీసా ఫీజుకు రెండింతలు అడిగాడు. 2025 జనవరి నుంచి ఇండియాలో థాయ్ వీసా అంతా ఆన్‌లైనే. కాగితాలు స్కాన్ చేసి మనమే ఎక్కించొచ్చు, పాస్‌పోర్ట్ పంపే పని లేదు, వీసా మెయిల్‌లో వస్తుంది. ఏజెంటు చేసేదీ అదే. అయితే అప్లై చేసేటప్పుడు మనం థాయిలాండ్ బయట ఉండాలి.

వీసా వచ్చిందని తెలిసి మా వాడకట్టులో సౌదీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆరా తీశాడు. "కంపెనీ వీసానా బిడ్డా, ఆజాద్ వీసానా?" ఆజాద్ వీసా అంటే గల్ఫ్‌లో ఒక కంపెనీకి కట్టుబడకుండా పని వెతుక్కునేది. రెండూ కాదన్నాను. అక్కడ పని వెతుక్కోవద్దు, అక్కడి షావుకారి దగ్గర ఒక్క రూపాయి తీసుకోవద్దు, ఇక్కడి పని అక్కడ కూర్చుని చేసుకోవచ్చంతే అని చెప్పా. "మరి గంత దూరం పోయేదెందుకు?" అన్నాడు. పొట్టకూటికి వలసపోయిన పాలమూరులో ఆ ప్రశ్న న్యాయమైనదే.

శంషాబాద్ నుంచి బ్యాంకాక్ మూడున్నర గంటలు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా విమానాశ్రయం దారిలోనే తగులుతుంది, సిటీ ట్రాఫిక్ బెడద లేదు. ఎక్కేముందు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు నింపుకోవాలి, 2025 మే నుంచి తప్పనిసరి. ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్‌మాయ్‌కి బ్యాంకాక్‌లో విమానం మారాను.

చియాంగ్‌మాయ్‌లో కందకం లోపలి పాత ఊరు చూడటానికి బాగుంటుంది, పని చేయడానికి కాదు. గెస్ట్‌హౌస్ గోడలు పల్చన, వైఫై మెట్ల దగ్గరే బాగా వచ్చేది. నిమ్మాన్ పేట వైపు కాఫీ షాపులు, డబ్బు కట్టి కూర్చుని పని చేసుకునే కోవర్కింగ్ చోట్లు దండిగా ఉన్నాయి, అద్దెలూ అట్లాగే ఉన్నాయి. నేను సంతితామ్ అనే పేటలో నెలకు 11,000 బాత్‌కు ఒక గది తీసుకున్నాను. రెండు నెలల అడ్వాన్సు. గది చూపించిన ఆమె ఫ్రిజ్, ఏసీ, బాల్కనీ అన్నీ చూపించింది కానీ కరెంటు రేటు చెప్పలేదు. అడిగితే యూనిట్‌కు 8 బాత్ అంది. ప్రభుత్వ రేటు అందులో సుమారు సగం. రోజంతా ఏసీ వేసుకుని పని చేసేవాడికి అద్దె తగ్గించడం కంటే ఈ రేటు మీద బేరమాడటమే లాభం. పక్క వీధిలో బిల్లు నేరుగా కరెంటు ఆఫీసుకే కట్టుకునే గది దొరికితే అక్కడికి మారాను. స్టవ్ మాత్రం ఏ గదిలోనూ ఉండదు. ఇండక్షన్ పొయ్యి కొనుక్కుని అన్నం, పప్పు వండుకున్నా. జొన్నరొట్టె మీద ఆశ వదులుకున్నా.

అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఇంకో మాట అడగాలి: టీఎం30 వేస్తారా అని. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమిగ్రేషన్‌కు తెలపాలి. కొందరు బద్ధకిస్తారు. పొడిగింపు అడిగేటప్పుడు ఆ రసీదు లేకపోతే తిప్పలు మనకే. వరుసగా 90 రోజులు ఉంటే మన చిరునామా మనమే విడిగా తెలియజేయాలి.

టైము విషయంలో థాయిలాండ్ మనకంటే గంటన్నర ముందు. ఆఫీసు పదింటికి మొదలైతే అక్కడ పదకొండున్నర. పొద్దున మార్కెట్‌కు పోయి, వంట చేసుకుని, తీరిగ్గా లాగిన్ కావచ్చు. రాత్రి తొమ్మిదింటి అమెరికా కాల్ మాత్రం పదిన్నరకు పడుతుంది. కాఫీ షాపులు అప్పటికి కట్టేస్తారు. అందుకే నెలవారీ కోవర్కింగ్ తీసుకునేముందు రాత్రిపూట తెరిచి ఉంటుందా, కాల్ బూత్ ఉందా, ఈ రెండూ చూడండి. కుర్చీలు, మొక్కలు, ఉచిత కాఫీ తర్వాత.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఊరికి పోవద్దు. అడవుల మంటలు, పొలాల్లో కాల్చే చెత్త పొగ ఆ లోయలో గడ్డకట్టుకుని కూర్చుంటుంది. రోజూ కనిపించే దోయ్ సుతేప్ గుట్ట ఒక పొద్దున మాయమైంది. గొంతు గీరుకుపోయింది, ఎయిర్ ప్యూరిఫయర్ల అమ్మకాలు జోరందుకున్నాయి. ఆ సమయంలోనే సెలవు పెట్టి మలేసియాలోని పెనాంగ్ పోయాను.

పెనాంగ్‌లో మా మిర్యాలగూడ మిత్రుడు డీఈ రాంటావ్ పాస్ మీద ఉంటున్నాడు. పాస్ మూడు నెలల నుంచి ఏడాది దాకా ఇస్తారు, ఇంకో ఏడాదికి పొడిగించుకోవచ్చు. ఫీజు 1,000 రింగిట్లు, భార్యాపిల్లలకు తలా 500. భార్యను వెంట తీసుకుపోయేవాడికి పెనాంగ్ నాకు మెరుగ్గా కనిపించింది. జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం, కరివేపాకు, అరవం వచ్చినవాడికి సగం ఊరు తెలిసినట్టే. ఇంగ్లీషు ఎక్కడైనా నడుస్తుంది, ఆసుపత్రిలో కూడా. చియాంగ్‌మాయ్‌లో మందుల షాపులో నేను ఫోన్ అనువాదంతో కుస్తీ పట్టాను. అతని ఫ్లాటు సముద్రం వైపుంది, అద్దె నాదానికంటే బాగా ఎక్కువ. టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆ తొమ్మిదింటి కాలే అతనికి పదకొండున్నరకు మొదలవుతుంది, ఆయన భార్య అప్పటికి తలుపేసుకుని పడుకుంటుంది. రాత్రి కాల్స్ ఎక్కువున్నవాళ్లకు ఈ గంట తేడా చిన్నదేమీ కాదు.

పన్ను సంగతి ఇద్దరం లెక్కేసుకున్నాం. థాయిలాండ్‌లో ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉంటే పన్ను రెసిడెంట్ అవుతారు, అంటే పన్ను విషయంలో అక్కడి నివాసి కింద లెక్క. 2024 నుంచి బయట సంపాదించి అక్కడికి తెప్పించుకున్న డబ్బు కూడా లెక్కలోకొస్తుంది. ఇండియాలో లెక్క వేరు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా చూస్తారు. అందుకే ఏ ఏడాదిలోనూ ఆ 180 రోజులు పడకుండా ఈసారి వానలు తగ్గాక నవంబర్‌లో దిగి, పొగ మొదలయ్యేలోపు జనవరి చివర్లో వచ్చేద్దామని టికెట్ తీశాను. కరెంటు బిల్లు నేరుగా కట్టుకునే ఆ గదే మళ్లీ అడిగితే, యజమాని ఈసారి 500 బాత్ పెంచింది.