హక్కా పల్లెల్లో నీటి దారి: లాయ్ చీ వో, ఛుయెన్ లుంగ్, టూలౌ ఊళ్ళు

హాంకాంగ్‌లో ఏటా సగటున 2,400 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. జూన్ ఒక్క నెలలోనే దాదాపు 490. డిసెంబరు, జనవరుల్లో మాత్రం నెలకు 30 అటూ ఇటూ. ఇక్కడి కొండపల్లెల్లో స్థిరపడ్డ దక్షిణ చైనా తెగ హక్కాలు. హక్కా రైతుకు వాన కొరత లేదు, అది వచ్చినంత వేగంగా సముద్రంలోకి జారిపోవడమే కష్టం. ఆ నీటిని ఎలా నిలబెట్టారో చూడాలంటే ముందు ఈశాన్య హాంకాంగ్‌లోని హక్కా పల్లె లాయ్ చీ వో వెళ్ళాలి.

యూనివర్సిటీ మెట్రో స్టేషన్ నుంచి మా లియు షుయి రేవు నడిచేంత దూరమే. పడవ వారాంతాల్లో, సెలవు రోజుల్లోనే ఉంటుంది. ఉదయం 9కి బయల్దేరి గంటన్నరలో చేరుస్తుంది, 3.30కి తిరుగు. అది తప్పిందా, వూ కావ్ టాంగ్ దాకా రెండు గంటల కొండదారి. అక్కడి నుంచి తాయ్ పో మార్కెట్‌కు 20ఆర్ మినీబస్సు ఉంది. వేళలు వెళ్ళే ముందు సరిచూసుకోండి.

మూడు వందల ఏళ్ళు దాటిన ఈ ఊరి జనం వలసపోయి మడులు బీడుపడ్డాయి. 2013 నుంచి హాంకాంగ్ విశ్వవిద్యాలయం చొరవతో సాగు మళ్ళీ మొదలైంది. 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. చాలామంది గోడలు, మర్రిచెట్టు చూసి వెనక్కి తిరుగుతారు. మీరు కాలువ పట్టుకుని ఎగువకు నడవండి. ఊరి వెనక అడవి వానదెబ్బను ఆకుల మీద కాచుకుంటుంది. నేలలో ఇంకిన నీరు వాగులోకి నిదానంగా ఊరుతుంది. వాగు నుంచి పిల్లకాలువ, పిల్లకాలువ నుంచి పై మడి, అక్కడి నుంచి కింది మడి. పెద్ద వాన మర్నాడు కాలువ మొగలో ఆకులు, ఇసుక తీయకపోతే నీరు పక్కకు తిరిగి గట్టునే కోస్తుంది. దమ్ము సరిగ్గా చేయని మడి ఎంత పెట్టినా ఇంకించేసుకుంటుంది.

చూరునీళ్ళు పట్టదలచుకున్నవారికి లెక్క సులువు. 40 చదరపు మీటర్ల పెంకుల కప్పు మీద 20 మిల్లీమీటర్లు పడితే 800 లీటర్లు. పెంకు పీల్చేది, చిందేది పోగా 640 దాకా చేతికొస్తుంది. మొదటి 40 లీటర్లు వేరే గొట్టంలోకి మళ్ళించాలి, దుమ్ము, రెట్టలు అందులోనే పోతాయి.

పొగమంచు నుంచి నీరు ఎలా దిగుతుందో చూడాలంటే 957 మీటర్ల తాయ్ మో షాన్ కొండ ఒడిలోని ఛుయెన్ లుంగ్ పల్లె మేలు. చ్యూన్ వాన్ నుంచి 80 నంబరు మినీబస్సు. చలికాలంలో కొండనీటి పారకంలో పెంచే వాటర్‌క్రెస్ అనే ఆకుకూర మడులు, అదే కూరతో టీ హోటల్ భోజనం, రెండూ దొరుకుతాయి. శాకాహారులు వంటకంలో పంది ఎముకల రసం ఉందా అని ముందే అడగాలి. సూప్‌లో సాధారణంగా వేస్తారు.

ఇక్కడ పొగమంచు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అంటే వానలకు ముందు, నారుమడి వేళకు. పొగమంచు నీటిని పట్టే వల కట్టడం హక్కా సంప్రదాయం కాదు, పొగమంచును బొట్లుగా దించేది అడవే. వల కట్టాలంటే రెండు పొరల రాషెల్ షేడ్ నెట్ (నీడకు వాడే అల్లిక ప్లాస్టిక్ వల), అడుగు అంచు నేల నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలికి ఎదురుగా, కింద వాలుగా దోనె. మంచి గాలి ఉన్నచోట చదరపు మీటరుకు రోజుకు 3 నుంచి 10 లీటర్లు. లోయలో గాలి ఆడదు కాబట్టి అంత రాదు. పది చదరపు మీటర్ల వల 40 లీటర్లు ఇస్తే నారుకు చాలు. వంద చదరపు మీటర్ల వరిమడి మాత్రం రోజుకు 5 మిల్లీమీటర్ల లెక్కన 500 లీటర్లు తాగుతుంది. వలను వరికి నమ్ముకోవద్దు. తుపానుల కాలం రాకముందే దించకపోతే చిరుగుతుంది. కంట్రీ పార్కు (ప్రభుత్వ రక్షిత కొండ, అటవీ ప్రాంతం) హద్దుల్లో అనుమతి లేకుండా గుంజ పాతకూడదు.

టూలౌ అంటే చాలా కుటుంబాలు కలిసి ఉండే పెద్ద మట్టిగోడల ఇల్లు. చైనాలోని ఫూజియన్ రాష్ట్రపు టూలౌలు చూడాలంటే షియామెన్ నుంచి అదే రాష్ట్రంలోని నాన్‌జింగ్‌కు (ఇదే పేరున్న పెద్ద నగరం కాదు) హైస్పీడ్ రైలు, ఆపైన బస్సు. మట్టిగోడలను కాపాడేది బాగా ముందుకు చాచిన చూరే. లోపలి వాలు వాననీటిని నడిమి వాకిట్లోకి దింపుతుంది. 1709 నాటి ఛెంగ్‌చీ లౌ అనే టూలౌలో బావులు కూడా వాకిట్లోనే. టూలౌలోనే బస అంటే చెక్క అంతస్తులు, పక్కగది మాటలన్నీ వినబడతాయి. బాత్రూమ్ గదిలోనే ఉందా, కింద ఉందా అని అడిగి బుక్ చేయండి. ముసలివాళ్ళు తోడుంటే బయట కట్టిన గెస్ట్‌హౌస్ మంచిది. నీటి ఏర్పాటు అర్థం కావడమే ముఖ్యమైతే లాయ్ చీ వోకే మా ఓటు, అదీ పెద్ద వాన కురిసిన మర్నాడు, జారని చెప్పులతో.