లీడ్స్‌లో ఎనిమిది చలికాలాలు, ఒక గ్యాస్ బాయిలర్

2016 అక్టోబరులో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేం కొనుక్కున్న పాత ఇంటికి కొత్త గ్యాస్ బాయిలర్ పెట్టించాం. వంటింటి గోడకు తగిలించిన తెల్లటి పెట్టె అది. గదుల్లోని రేడియేటర్లకు వేడినీళ్ళు తోసేదీ అదే, కుళాయి తిప్పగానే స్నానానికి నీళ్ళు కాచి ఇచ్చేదీ అదే. ఇక్కడ దీన్ని కాంబి అంటారు. వేరే ట్యాంకు ఉండదు. ఎనిమిది చలికాలాలు వాడాక ఇది రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. నేను పడ్డ అవస్థల్లో పెట్టె పాపం కొంతే, బిగించినవాళ్ళ పాపం ఎక్కువ.

పనిచేసినంతసేపు దీనికి వంక పెట్టలేం. అరగంటలో ఇల్లు వెచ్చబడుతుంది. స్నానాల గదిలో షవర్ నడుస్తుండగా వంటింట్లో ఎవరైనా వేడినీళ్ళ కుళాయి తిప్పితే మాత్రం లోపలినుంచి కేక వినిపిస్తుంది. కాంబి అంటేనే అంత, దానికి అలవాటు పడాలి. అసలు గొడవ, ఉన్నట్టుండి ఆగిపోవడం.

మొదటిసారి ఆగింది 2018 మార్చి మొదట్లో, తూర్పునుంచి వీచిన చలిగాలికి బ్రిటన్ అంతా బిగుసుకుపోయిన రోజుల్లో. మర్నాటికి చలి కాస్త తగ్గి దానంతట అదే నడిచింది కాబట్టి పట్టించుకోలేదు. రెండోసారి సరిగ్గా ఉగాది నాడు, మార్చి 18న. బయట మళ్ళీ మంచు. అమలాపురం నుంచి వచ్చిన అమ్మ తెల్లవారకముందే అందరి తలలకూ నువ్వులనూనె అంటింది. నలుగుపిండి కలిపింది. కుళాయి తిప్పితే చన్నీళ్ళు.

వంటింట్లో నిలబడి రీసెట్ మీట నొక్కి చెవి ఒగ్గాను. ఫ్యాను తిరిగింది. టకటకమని నిప్పురవ్వలు, భగ్గుమని మంట, ఆ వెంటనే హుక్కా పీల్చినట్టు గుడగుడ. మంట ఆరిపోయింది, ఎర్రదీపం వెలిగింది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ అదే వరస. "మన పెరట్లో రాగి బాయిలర్ ఒక్కరోజైనా ఇలా అలిగిందా నాన్నా? నాలుగు కొబ్బరి డొక్కలు పడేస్తే చాలు" అంది అమ్మ, నూనె తలకు తువ్వాలు చుట్టుకుని.

ఆ గుడగుడలోనే జవాబు ఉందని తర్వాత తెలిసింది. ఈ రకం బాయిలర్లు బయటికి పోయే పొగలోని ఆవిరిని కూడా చల్లబరిచి, ఆ వేడిని నీళ్ళకు పట్టిస్తాయి. ఇంగ్లండులో 2005 నుంచి కొత్తగా పెట్టేవి దాదాపు అన్నీ ఇవే. ఆవిరి చల్లబడితే నీరవుతుంది కదా, కాస్త ఆమ్లగుణం ఉన్న ఆ నీరు ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి మురుగుకాలువలోకి పోవాలి. మాకు బిగించినవాళ్ళు బొటనవేలంత సన్నటి గొట్టాన్ని, పైన ఏ తొడుగూ లేకుండా, ఎండ తగలని ఉత్తరపు గోడ వెంట రెండు మీటర్లు లాగి వదిలారు. చుక్కచుక్కగా కారే నీరు అందులో గడ్డకట్టింది. వెనకనుంచి వచ్చే నీటికి దారి లేక బాయిలర్ లోపలే నిలిచింది. అది ఆగిపోయింది, ఆగకపోతేనే ప్రమాదం.

కరెంటు కెటిల్‌తో నీళ్ళు కాచి, చన్నీళ్ళు కలిపి గోరువెచ్చగా చేసి ఆ గొట్టం మీద పోశాను. సలసల మరిగేవి పోయకూడదు, ప్లాస్టిక్ చిట్లుతుంది. నాలుగో కెటిల్‌కు లోపలేదో కదిలి, వేలెడంత మంచుకడ్డీ కాలువలోకి జారిపడింది. రీసెట్ నొక్కితే మంట నిలిచింది. ఈలోగా అమ్మ అదే కెటిల్ నీళ్ళు బకెట్లో పోసుకుని తలంటు ముగించేసింది. ఆ వేసవిలో బయటి భాగానికి 32 మిల్లీమీటర్ల గొట్టం వేయించి, పైన నురుగు తొడుగు చుట్టించాను. 2022 డిసెంబరు చలిలో వీధిలో రెండు మూడు ఇళ్ళ బాయిలర్లు ఆగాయి, మాది ఆగలేదు.

2020లో మరో జబ్బు. పెట్టె కింద పీడనం చూపే ముల్లు ఉంటుంది. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు అది ఒకటికీ ఒకటిన్నర బార్లకూ మధ్య ఉండాలి. మాది ప్రతి ఉదయం సున్నాకు పడిపోయేది, బాయిలర్ మొరాయించేది. కింది మీట తిప్పి నీళ్ళు ఎక్కిస్తే సాయంత్రం దాకా నడిచేది. మొదట వచ్చిన మెకానిక్ నేల కింద గొట్టం కారుతోందనీ చెక్కలు పీకాలనీ చెప్పి, చూసినందుకు డెబ్బై పౌండ్లు తీసుకుని వెళ్ళాడు. రెండో ఆయన పెద్దాయన, మాట తక్కువ. బయటి గోడలోంచి కిందికి వంగి ఉన్న రాగి గొట్టం మూతికి ఒక ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. తెల్లారేసరికి సంచి నిండా నీళ్ళు!

నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు చోటివ్వడానికి లోపల ఒక డబ్బా ఉంటుంది, రబ్బరు పొరకు అటు గాలి, ఇటు నీళ్ళు. మా డబ్బాలో గాలి పోయింది. అందుకే మంట వెలగగానే ముల్లు మూడు దాకా ఎగబాకేది, రక్షక వాల్వ్ తెరుచుకుని ఆ రాగి గొట్టంలోంచి నీళ్ళు బయటికి కక్కేది, చల్లారాక పీడనం ఉండేది కాదు. ఆయన నీళ్ళు దించి, సైకిల్ ట్యూబుకు ఉండేలాంటి వాల్వ్‌కు కాలిపంపు తగిలించి గాలి కొట్టాడు. ఆ రక్షక వాల్వ్ కూడా మార్చాడు, ఒకసారి కక్కడం మొదలుపెడితే సరిగా మూసుకోవట. వెళ్ళేముందు చిన్న చీవాట్లు కూడా పెట్టాడు: రోజూ కొత్త నీళ్ళు ఎక్కిస్తే వాటితో ఆక్సిజన్ వెళ్ళి రేడియేటర్లు లోపలినుంచి తుప్పు పడతాయి, ఆ నల్లటి బురద చివరికి బాయిలర్‌కే అడ్డం పడుతుంది.

మూడోది 2023లో, ఇది మాత్రం అచ్చంగా పెట్టెదే. మంట వెలిగి, నాలుగైదు సెకన్లు మండి, గుడగుడ ఏమీ లేకుండా ఆరిపోయేది. మంట ఉందో లేదో కనిపెట్టే సన్నటి లోహపు కడ్డీకి పొక్కు కట్టింది. మంట కనబడకపోతే గ్యాసు ఆపేయడమే దానికి తెలిసిన పని. కడ్డీ మార్చడం అరగంట పని, కానీ మూత విప్పి మంటగది ముట్టుకునే అర్హత ఇక్కడి గ్యాసు పనివాళ్ళ అధికారిక జాబితా, గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్ళకే ఉంది. వచ్చినవాళ్ళ కార్డు అడిగి తిప్పి చూడండి, ఏయే పనులకు అనుమతి ఉందో వెనక రాసి ఉంటుంది. నేను చేసుకున్నవి గొట్టానికి వెచ్చదనం, ముల్లుకు నీళ్ళు, అంతవరకే. గ్యాసు వాసన వస్తే అవీ చేయను, బయటికి నడిచి ఇక్కడి గ్యాసు అత్యవసర నంబరు 0800 111 999కి ఫోను చేస్తాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం బాయిలర్ ఉన్న గదిలోనే పెట్టాం.

మళ్ళీ ఇదే కొంటానా? కొంటాను. కాకపోతే ఈసారి బిగించేవాళ్ళతో ధర మాట్లాడకముందే పెరట్లోకి తీసుకెళ్ళి, ఆవిరి చల్లబడిన నీరు పోయే గొట్టం ఎటునుంచి ఎటు పోతుందో గోడ మీద సుద్దతో గీయమంటాను. వీలైతే లోపలి నుంచే, వంటింటి తూములో కలపమంటాను.